తారు తాళ్ల మధ్య కూర్చున్న తల్లి – జోసఫీన్ బట్లర్

అది 1866వ సంవత్సరం. ఇంగ్లండ్‌లోని రేవు పట్టణం లివర్‌పూల్. అక్కడి బ్రౌన్‌లో హిల్ వర్క్‌హౌస్ అంటే ఆ ఊళ్లో అందరికీ తెలుసు. వేల మంది నిరుపేదలు, రోగులు, అనాథలు తలదాచుకునే బీదల గృహం అది. దాని అడుగున ఒక చీకటి కొట్టం ఉంది. అక్కడ సుమారు రెండు వందల మంది స్త్రీలు, అమ్మాయిలు కటిక నేల మీద కూర్చుని, ఓడల్లో వాడి పారేసిన తారు తాళ్లను వేళ్లతో పోగులు పోగులుగా పీకుతుంటారు. ఓడ చెక్కల సందుల్లో కూరడానికి ఆ పీచు పనికొస్తుంది. ఆ రోజుల్లో జైళ్లలో ఖైదీల చేత చేయించే పని కూడా అదే. ఆ స్త్రీలలో జైలు నుంచి వచ్చినవారున్నారు, ఒళ్లమ్ముకుని బతికినవారున్నారు. ఒక రాత్రి నీడ కోసం, ఒక రొట్టెముక్క కోసం తమంతట తామే వచ్చి ఆ పనికి కూర్చున్నవారూ ఉన్నారు.

ఒకరోజు వారి మధ్యకు పెద్దింటి స్త్రీ ఒకామె వచ్చింది. ఆమె భర్త ఆ ఊళ్లో పేరున్న కాలేజీకి ప్రిన్సిపాల్, పైగా అభిషేకం పొందిన దైవసేవకుడు. ఆమె నిలబడి నీతులు చెప్పలేదు. వారి పక్కనే నేల మీద కూర్చుని, తనూ ఒక తాడు ముక్క తీసుకుని పీకడం మొదలుపెట్టింది. ఆ మెత్తని వేళ్లు ఈ పనికి పనికిరావని ఆ స్త్రీలు పగలబడి నవ్వారు. ఆమె కూడా వారితో కలిసి నవ్వింది. ఆ నవ్వుల్లోనే స్నేహం కుదిరింది. మరికొంతకాలానికి అదే కొట్టంలో ఒక యువతి లేచి, యోహాను సువార్త 14వ అధ్యాయంలోని మాటలు కంఠస్థం చేసి అప్పజెప్పింది. తరువాత అందరూ ఆ తడి నేల మీదే మోకరించారు. ఆ స్త్రీ వారి కోసం ప్రార్థించింది. ఆమె పేరు జోసఫీన్ బట్లర్.

అమ్మాయిలను సరుకులా కొని, సరిహద్దులు దాటించి అమ్మే వ్యాపారం మీద ఐరోపా దేశాలన్నింటినీ కదిలించిన స్త్రీగా చరిత్ర ఆమెను గుర్తుపెట్టుకుంది. కానీ ఆ పోరాటం పార్లమెంటులో మొదలు కాలేదు. ఆ తారు తాళ్ల మధ్య మొదలైంది. ఇంకా లోతుగా చూస్తే, ఒక తల్లి కన్నీటిలో మొదలైంది.

బానిసల కథలు విన్న బాల్యం

జోసఫీన్ 1828 ఏప్రిల్ 13న ఇంగ్లండ్ ఉత్తర సరిహద్దులోని నార్తంబర్లండ్ ప్రాంతంలో పుట్టింది. తండ్రి జాన్ గ్రే బానిస వ్యాపారాన్ని తీవ్రంగా వ్యతిరేకించిన భక్తిపరుడు. ఆఫ్రికా నుంచి ఓడల్లో తెచ్చి అమ్మిన మనుషుల గాథలు ఆ ఇంట్లో భోజనాల దగ్గర మాట్లాడుకునేవారు. బానిస స్త్రీలు పడిన అవమానాలు విన్నప్పుడు ఆ చిన్నారి మనసు కలతపడేది. పదిహేడేళ్ల వయసులో ఆమె ఆత్మ పెద్ద పోరాటంలో పడింది. దేవుడు ప్రేమామయుడైతే లోకంలో ఇంత అన్యాయం ఎందుకన్న ప్రశ్న ఆమెను వదల్లేదు. ఇంటి దగ్గరి అడవిలోకి వెళ్లి, ఒంటరిగా, బిగ్గరగా దేవునికి మొరపెట్టుకునేది. ఆ ప్రశ్నకు అప్పుడే జవాబు దొరకలేదు. కానీ ప్రార్థించే అలవాటు ఆమెకు జీవితాంతం మిగిలింది.

1852లో జార్జ్ బట్లర్‌తో పెళ్లయి ఆక్స్‌ఫర్డ్‌లో కాపురం పెట్టింది. పండితుల ఊరది. సాయంత్రాలు వారి ఇంటికి వచ్చే మేధావులు చెడిపోయిన స్త్రీల గురించి మాట్లాడే తీరు ఆమెకు బాధ కలిగించేది. పురుషుడు చేస్తే పొరపాటు, స్త్రీ చేస్తే క్షమించరాని పాపం! ఇదీ వారి తీర్పు. ఆ రోజుల్లోనే ఒక పేద యువతి, ఆ ఊరి పెద్దమనిషి చేతిలో మోసపోయి, పుట్టిన బిడ్డను చంపిన నేరానికి లండన్‌లోని న్యూగేట్ జైల్లో ఉందని తెలిసింది. ఆ పెద్దమనిషిని ఎవరూ ప్రశ్నించలేదు. జోసఫీన్ ఈ సంగతి ఒక పేరుమోసిన పండితుని ముందుపెడితే, మౌనమే మేలని ఆయన సలహా ఇచ్చాడు. జార్జ్ మాత్రం మౌనంగా ఉండలేదు. జైలు చాప్లెయిన్‌కు ఉత్తరం రాశాడు. శిక్ష ముగిశాక ఆ యువతి బట్లర్ల ఇంటికే పనికి వచ్చింది. జైలు తలుపు తెరుచుకున్నప్పుడు, బయట ఇంకొక తలుపు కూడా తెరుచుకోవాలన్న పాఠాన్ని ఆ దంపతులు అప్పుడే నేర్చుకున్నారు.

మెట్ల మీద నుంచి రాలిన పువ్వు

జోసఫీన్‌కు ముగ్గురు కొడుకులు, ఒక్కగానొక్క కూతురు ఈవా. 1864 ఆగస్టులో ఒక సాయంత్రం భార్యాభర్తలు బయటి నుంచి ఇంటికి వచ్చారు. అమ్మానాన్నల అలికిడి విని ఈవా పై అంతస్తు నుంచి పరుగెత్తుకొచ్చింది. మెట్ల కమ్మీ మీద నుంచి జారి, కింది హాలులోని రాతి నేల మీద పడింది. కొద్ది గంటల్లోనే ఆ ఐదేళ్ల పాప ప్రాణం విడిచింది. పడిపోతున్న ఆ దృశ్యం తల్లి కళ్ల ముందు నుంచి ఏళ్ల తరబడి చెరగలేదు.

1866లో జార్జ్‌కు లివర్‌పూల్ కాలేజీలో ఉద్యోగం రావడంతో ఆ కుటుంబం అక్కడికి మారింది. కొడుకులు బడికి, భర్త కాలేజీకి వెళితే, ఖాళీ ఇంట్లో జోసఫీన్ దుఃఖంతో ఒంటరిగా మిగిలేది. తనకంటే ఎక్కువ బాధ అనుభవిస్తున్నవారు ఎక్కడైనా ఉంటే వారి దగ్గరికి వెళ్లాలన్న ఒకే కోరిక ఆమెను ఇంటి నుంచి బయటికి నడిపించింది. అలా చేరింది బ్రౌన్‌లో హిల్ కొట్టానికి. ఈవాను ఎత్తుకోలేని చేతులు తారు తాడు పట్టుకున్నాయి.

ఆమె అంతటితో ఆగలేదు. క్షయతో చనిపోతున్న అమ్మాయిలను తన ఇంటికే తీసుకొచ్చింది. ఇంట్లో చోటు చాలకపోతే వేరే ఇల్లు అద్దెకు తీసుకుని విశ్రాంతి గృహం పెట్టింది. ఆరోగ్యం ఉన్నవారికి కవర్లు తయారుచేసే పని నేర్పింది. పెద్దమనుషుల పిల్లలు చదివే కాలేజీ ప్రిన్సిపాల్ ఇంట్లో ఇలాంటివారా అని ఊళ్లో ముక్కున వేలేసుకున్నవారు లేకపోలేదు. జార్జ్ మాత్రం వచ్చిన ప్రతి అమ్మాయికి తానే చేయి అందించి, గౌరవంగా ఇంట్లోకి తీసుకెళ్లేవాడు.

ఆ పురుషుడు ఎక్కడ?

ఇంతలో ఒక చట్టం దేశంలో చాప కింద నీరులా పాకింది. సైనికులకు సుఖవ్యాధులు పెరుగుతున్నాయని 1864, 1866, 1869లలో పార్లమెంటు అంటువ్యాధుల చట్టాలు చేసింది. సైనిక పట్టణాల్లో, రేవుల్లో మామూలు దుస్తుల్లో తిరిగే పోలీసులు ఏ స్త్రీని అనుమానించినా చాలు, ఆమె నిర్బంధ వైద్య పరీక్షకు లొంగాలి. కాదంటే జైలు. వ్యాధి ఉంటే తొమ్మిది నెలల దాకా ఆసుపత్రిలో బంధించవచ్చు. ఆ స్త్రీ దగ్గరికి వెళ్లిన సైనికునికి పరీక్ష లేదు, శిక్ష లేదు.

యోహాను సువార్త 8వ అధ్యాయం మనకు తెలిసిందే. వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీని ప్రభువు ముందుకు ఈడ్చుకొచ్చారు. మోషే ధర్మశాస్త్రం ఇద్దరికీ ఒకే శిక్ష విధించింది. మరి ఆ పురుషుడు ఎక్కడ? అతణ్ణి ఎవరూ తీసుకురాలేదు. ఆ జనసమూహం అడగని ఈ ప్రశ్నే జోసఫీన్ జీవితకాలపు ప్రశ్న అయింది. పాపాన్ని పాపమనే ఆమె చెప్పింది. ఆ మాటలో ఏనాడూ రాజీ పడలేదు. కానీ పాపానికి స్త్రీనొక్కదాన్నే బాధ్యురాలిని చేసి, పురుషుని సుఖం కోసం ఆమెను ప్రభుత్వమే పరీక్షించి సిద్ధం చేసి ఇవ్వడం దేవుని న్యాయానికి విరోధమని ఎలుగెత్తి చెప్పింది.

1869లో ఈ పోరాటానికి నాయకత్వం వహించమని కొందరు ఆమెను కోరారు. వేదికలెక్కి స్త్రీలు ఇలాంటి విషయాలు మాట్లాడటం ఆనాడు ఊహకందనిది. మాట్లాడితే పరువు పోతుంది, భర్త ఉద్యోగానికే ముప్పు రావచ్చు. ఆమె ఎంతోకాలం మథనపడింది. నోటితో చెప్పలేక ఒక కాగితం మీద రాసి భర్త చేతికిచ్చింది. ఆయన కొన్నాళ్లు ఆలోచించి, ప్రార్థించి, దేవుడు తోడుండగా వెళ్లమని పంపాడు. ఆ అనుమతికి ఆయన మూల్యం చెల్లించాడు. నాటింగ్‌హామ్‌లో జరిగిన సంఘ మహాసభలో ఆయన ఈ విషయం ఎత్తగానే తోటి దైవసేవకులే కేకలు వేసి కూర్చోబెట్టారు. గొప్ప పదవులు ఆయనకు చాలాకాలం అందలేదు.

1870 జనవరి 1న డైలీ న్యూస్ పత్రికలో ఆ చట్టాలను ఖండిస్తూ స్త్రీల ప్రకటన వెలువడింది. సంతకం చేసిన వంద మందికి పైగా స్త్రీలలో నర్సుల సేవకు మారుపేరైన ఫ్లోరెన్స్ నైటింగేల్ కూడా ఉంది. ఆ ఒక్క సంవత్సరంలోనే జోసఫీన్ దాదాపు వంద సభల్లో మాట్లాడింది. శ్రామికులు ఆమె మాట విన్నారు. పోలీసులు చేయి వేసేది తమ కూతుళ్ల మీదేనని వారికి తెలుసు. కోల్చెస్టర్‌లో ఆమె దిగిన హోటల్‌ను తగలబెడతామని అల్లరి మూక బెదిరిస్తే, యజమాని రాత్రికి రాత్రి ఆమెను పంపేశాడు. చివరికి ఒక పనివాని ఇల్లు ఆమెకు ఆశ్రయమిచ్చింది. 1872లో పాంట్‌ఫ్రాక్ట్‌లో స్త్రీలు ఒక గడ్డివాము అటకపై సమావేశమైతే, దుండగులు కింద గడ్డికి నిప్పుపెట్టారు. పోలీసులు చూస్తూ నిలబడ్డారు. ఆమె ప్రాణాలతో బయటపడింది. మరుసటి సభ ఆపలేదు.

1875లో ఆల్డర్‌షాట్ అనే సైనిక పట్టణంలో, పాటలు పాడి పిల్లల్ని పోషించుకునే ఒక విధవరాలిని పోలీసులు వెంటాడి వేధించారు. పరీక్షకు లొంగడానికి ఇష్టపడని ఆమె కాలువలో శవమై తేలింది. తల్లి లేని ఆ ఇంటి అమ్మాయిని జోసఫీన్ తన ఇంటికి తెచ్చుకుంది. చట్టం మీద ప్రసంగాలు చేసినన్నాళ్లూ, ఆ చట్టం గాయపరిచినవారికి తన ఇంట్లో పక్క వేయడం ఆమె మానలేదు.

సరిహద్దులు దాటిన చీకటి, సరిహద్దులు దాటిన వెలుగు

ఈ పద్ధతి ఇంగ్లండ్‌కు ఫ్రాన్స్ నుంచి వచ్చింది. వేరు అక్కడుండగా కొమ్మలు నరికితే లాభం లేదని జోసఫీన్ గ్రహించింది. 1874 చలికాలంలో పారిస్ వెళ్లింది. నీతి పోలీసుల అధిపతినే నేరుగా కలిసి నిలదీసింది. సెయింట్ లాజర్ అనే స్త్రీల జైలును చూసింది. విచారణ లేకుండా, పోలీసుల మాట మీదే బంధించిన స్త్రీలు అందులో ఉండేవారు. అక్కడి నుంచి ఇటలీ, స్విట్జర్లాండ్‌లకు వెళ్లి, పాస్టర్లను, డాక్టర్లను, న్యాయవాదులను కలిసింది. 1875 మార్చిలో లివర్‌పూల్‌లో ఒక అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది. 1877లో జెనీవాలో జరిగిన దాని మహాసభకు వివిధ దేశాల నుంచి సుమారు 500 మంది వచ్చారు. ఒక దేశం జైల్లో మగ్గే స్త్రీ కోసం మరో దేశపు విశ్వాసులు మోకరించడం, ఉత్తరాలు రాయడం, డబ్బు పంపడం అప్పుడు ఊపందుకుంది.

ఆ స్నేహబంధానికి త్వరలోనే పరీక్ష వచ్చింది. ఇంటిపని ఇప్పిస్తామని నమ్మించి ఇంగ్లండ్ నుంచి పేద అమ్మాయిలను బెల్జియం తీసుకెళ్లి, బ్రస్సెల్స్ వ్యభిచార గృహాలకు అమ్మేస్తున్నారని తెలిసింది. అక్కడి చట్టం ప్రకారం 21 ఏళ్లు నిండాలి. అందుకని వయసులో పెద్దవారి జనన పత్రాలు సంపాదించి, ఆ పేర్లతో ఈ పిల్లలను నమోదు చేయించేవారు. భాష తెలియదు. బయటికి వెళ్లే బట్టలు లాగేసుకుంటారు. తిండికి, గుడ్డకు అప్పు రాసి, ఆ అప్పు తీరేదాకా కదలనివ్వరు. 1880లో జోసఫీన్ ఈ ఘోరాన్ని అచ్చులో బయటపెట్టింది. రుజువు చేయమని బెల్జియం అధికారులు సవాలు విసిరితే, ప్రమాణపూర్వకంగా వాంగ్మూలం ఇచ్చింది. విచారణలు జరిగాయి. వ్యభిచార గృహాల యజమానులు జైలుకెళ్లారు. నీతి పోలీసుల అధిపతి, అతని సహాయకుడు పదవులు పోగొట్టుకున్నారు. కాపలా కాయాల్సినవారే దొంగలతో చేతులు కలిపారన్న సంగతి లోకానికి తెలిసింది.

1883 ఏప్రిల్ 20న నిర్బంధ పరీక్షల రద్దుపై లండన్ పార్లమెంటులో చర్చ జరిగింది. ఆ సమయంలో దగ్గర్లోని ఒక హోటల్ హాలులో స్త్రీలు ప్రార్థిస్తూ కూర్చున్నారు. పట్టుబట్టలు కట్టిన ధనికురాలు, చిరిగిన శాలువ కప్పుకున్న వీధి స్త్రీ ఒకరి పక్కన ఒకరు మోకరించారు. అర్ధరాత్రి దాటాక వచ్చిన తీర్పు వారి పక్షాన నిలిచింది. 1886లో ఆ చట్టాలు పూర్తిగా రద్దయ్యాయి. పదహారేళ్ల ప్రార్థనకు జవాబది.

గెలుపులోనూ ఒక గాయం

అమ్మాయిల రక్షణకు అప్పటికి చట్టం కల్పించిన వయసు పదమూడే. దాన్ని పెంచడానికి పార్లమెంటు వెనకాడుతుంటే, 1885లో డబ్ల్యు.టి. స్టెడ్ అనే సంపాదకుడు లండన్‌లో ఒక చిన్నారిని డబ్బిచ్చి కొనవచ్చని స్వయంగా నిరూపించి పత్రికలో రాశాడు. దేశం అట్టుడికింది. ఆ ఏడాదే వయసు పదహారుకు పెరిగింది. అయితే అందుకోసం ఆయన రెబెక్కా జారెట్ అనే స్త్రీని వాడుకున్నాడు. ఒకప్పుడు ఆమె అమ్మాయిలను తార్చి బతికింది. మారుమనస్సు పొంది జోసఫీన్ ఆశ్రయంలో ఉంది. వదిలేసిన పాత రొంపిలోకి మళ్లీ అడుగుపెట్టడం ఆమెకు ఇష్టం లేకపోయినా ఒప్పించారు. చివరికి స్టెడ్‌కు మూడు నెలలు, ఆమెకు ఆరు నెలలు జైలుశిక్ష పడింది. లోకం సంపాదకుణ్ణి వీరుడంది, రెబెక్కాను తిట్టిపోసింది. జోసఫీన్ ఆమెను వదల్లేదు. ఆమె తరఫున ఒక పుస్తకమే రాసింది. ఎంత మంచి పని కోసమైనా గాయపడిన మనిషిని పనిముట్టుగా వాడకూడదన్నది ఈ సంఘటన మనకు నేర్పే పాఠం.

మరో చేదు నిజం కూడా ఆమె చూసింది. కొత్త చట్టం వచ్చాక నీతి సంఘాలు పుట్టుకొచ్చి, వ్యభిచార గృహాలపై దాడులు చేయించి, పేద స్త్రీలను వీధిపాలు చేశాయి. ఆ సంఘాల్లో తన పాత స్నేహితులే ఉన్నా, వారిని హెచ్చరించడానికి ఆమె జంకలేదు. లాఠీతో పరిశుద్ధత రాదని, రక్షించే చేయి వేరు, తరిమే చేయి వేరని ఆమె నమ్మింది.

మన దేశం కోసం మోసిన భారం

ఇంగ్లండ్‌లో రద్దయిన పద్ధతి ఇండియాలోని బ్రిటిష్ కంటోన్మెంట్లలో మాత్రం కొనసాగింది. సైనికుల కోసం తగినంతమంది స్త్రీలను ఏర్పాటుచేయాలని 1886లో సైన్యం పై అధికారుల కార్యాలయం నుంచే ఉత్తర్వు వెళ్లింది. అది బయటపడి 1888లో పార్లమెంటు ఖండించినా లోలోపల జరిగేది జరుగుతూనే ఉంది. జోసఫీన్ కోరిక మీద అమెరికాకు చెందిన డాక్టర్ కేథరిన్ బుష్‌నెల్, ఎలిజబెత్ ఆండ్రూ అనే ఇద్దరు క్రైస్తవ స్త్రీలు 1891–92లో లక్నో, మీరట్, పెషావర్ మొదలైన పది కంటోన్మెంట్లు తిరిగి, అక్కడి భారతీయ స్త్రీల నోటనే సాక్ష్యం సేకరించారు. 1893లో విచారణ సంఘం ముందు అది నిజమని తేలింది. మొదట కాదన్న సైన్యాధిపతి లార్డ్ రాబర్ట్స్ క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. మన దేశాన్ని ఎన్నడూ చూడని ఒక వృద్ధురాలు, తన సొంత సామ్రాజ్యాన్ని ఎదిరించి, మన దేశపు స్త్రీల కోసం నిలబడింది.

అప్పటికి ఆమె తోడు కూడా వెళ్లిపోయాడు. జార్జ్ 1890లో ప్రభువునందు నిద్రించాడు. ఆమె 1906 డిసెంబర్ 30న, 78 ఏళ్ల వయసులో, తను పుట్టిన నార్తంబర్లండ్‌లోనే కన్నుమూసింది. ఇంగ్లండ్ సంఘం మే 30న ఆమెను స్మరించుకుంటుంది. ఆమె బతికుండగానే, 1904లో, అమ్మాయిల అక్రమ రవాణాను అరికట్టడానికి పారిస్‌లో దేశాల మధ్య తొలి ఒప్పందం కుదిరింది. 1949లో ఐక్యరాజ్యసమితి ఒప్పందం వచ్చింది. మన రాజ్యాంగం 23వ అధికరణలో మనుషుల క్రయవిక్రయాన్ని నిషేధించింది. 1956లో మన పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసింది. బ్రౌన్‌లో హిల్ కొట్టంలో కూర్చున్న ఆ తల్లి వేసిన విత్తనం ఈ మహావృక్షం వేళ్లలో ఒకటి.

మన సంఘం ఎక్కడ కూర్చుంది?

చట్టాలు వచ్చాయి. మరి ఆ వ్యాపారం ఆగిందా? పెద్ద నగరంలో ఉద్యోగం, సినిమాల్లో వేషం, విదేశంలో ఇంటిపని, కట్నం లేని పెళ్లి అంటూ మన పల్లెల నుంచి కూడా ఆడపిల్లలను తీసుకెళ్లి అమ్మేస్తున్నారు. బ్రస్సెల్స్‌లో వాడిన ఎత్తులే ఇవి. దాడి జరిగిందన్న వార్త వచ్చినప్పుడు ముఖం కప్పుకుని జీపు ఎక్కేది ఎవరు? ఎక్కువగా ఆ అమ్మాయే. ఆ పురుషుడు ఎక్కడన్న ప్రశ్న నేటికీ అలాగే ఉంది.

విడుదలై ఊరికి తిరిగొచ్చిన అలాంటి అమ్మాయి ఒక ఆదివారం మన మందిరంలోకి వస్తే ఆమె పక్కన ఎవరు కూర్చుంటారు? జైలు నుంచి వచ్చిన తమ్ముడికి మనలో ఎవరు పని ఇస్తారు? బంధకాల్లో ఉన్నవారిని, వారితో పాటు మనమూ బంధించబడినట్టుగా తలచుకోవాలని హెబ్రీ పత్రిక 13వ అధ్యాయం కోరుతుంది. అంటే దూరం నుంచి జాలిపడటం కాదు, పక్కన కూర్చోవడం. మన చుట్టూ ఏ పిల్లకైనా ఇలాంటి ముప్పు ఉందనిపిస్తే 1098 నంబరుకు ఫోన్ చేయడం కూడా పరిచర్యే. ఊరు వదిలి పనికి వెళ్లే అమ్మాయి ఎక్కడికి, ఎవరి వెంట వెళుతోందో కనుక్కోవడమూ కాపరితనమే.

జోసఫీన్ దుఃఖాన్ని ప్రభువు వృథా కానివ్వలేదు. కూతురిని పోగొట్టుకున్న ఆ తల్లికి ఆయన వేల మంది కూతుళ్లనిచ్చాడు. మన కన్నీళ్లను కూడా ఆయన అలా వాడుకోగలడు. ఆమె చేసినట్టు మనం కూడా లేచి, ఎవరూ కూర్చోని ఆ నేల మీద కూర్చోవాలి. పాపుల పక్కన కూర్చుని భోజనం చేసిన ప్రభువు మనకంటే ముందే అక్కడ ఉంటాడు.